పొగ రాని నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. పక్కింటి సంగతులు మాట్లాడుకునే వేళ ఈ సామెతకు ఉన్నంత గిరాకీ మరి దేనికీ లేదు. అయితే పొగ రాని నిప్పు ఉంటుందా అన్న ప్రశ్న సామెత కట్టినవారికి తోచినట్టు లేదు. తోచకపోవడంలో వింత ఏమున్నది? పిడకలు, తుమ్మ మొద్దులు, వానకు తడిసిన సరుగుడు కట్టెలు - వీటితో వంట సాగిన దేశం మనది. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చుని, కళ్ళు నులుముకోకుండా అన్నం వార్చిన ఇల్లాలు మా అమ్మమ్మల కాలంలో ఉండి ఉండదు.

పొగ రాని నిప్పు ఉన్నది. దానిని ఇచ్చే బొగ్గుకు ఆంత్రసైటు అని పేరు.

ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంటే మొట్టమొదట ఆశ్చర్యం కలిగించేది చేతికి మసి అంటకపోవడం. బొగ్గు పట్టుకున్న చెయ్యి నల్లబడకపోవడం ఏమిటి! నల్లగాజు ముక్కలా మెరుస్తుంది. పగలగొడితే పొరలు పొరలుగా విడిపోదు. గవ్వ లోపలి వంపులాంటి నునుపైన వంపుతో విరుగుతుంది. మామూలు బొగ్గు కంటె గట్టిది, బరువైనది. అగ్గిపుల్ల గీసి చూపిస్తే దాని మొహంలో మార్పు ఉండదు. అతి కష్టం మీద అంటుకున్నదా, పొట్టి నీలిమంటతో గంటల తరబడి నిలకడగా కాలుతుంది. పొగ దాదాపు కనపడదు.

ఇందులో కిటుకు తెలుసుకోవాలంటే ముందు పొగ అంటే ఏమిటో తెలియాలి. కట్టెలోనూ, మామూలు బొగ్గులోనూ కర్బనంతో పాటు వేడి తగలగానే ఆవిరై లేచే నూనెలు, తారు, వాయువులు ఉంటాయి. మొదట భగ్గున అంటుకునేవి ఇవే. పూర్తిగా కాలకుండా తప్పించుకుని పోయేవీ ఇవే. అలా తప్పించుకున్న దానినే మనం పొగ అంటాము, గోడకు పడితే మసి అంటాము. ఆంత్రసైటులో ఈ సరుకు బహు తక్కువ. బూడిద, తేమ మినహాయించి లెక్కవేస్తే నూటికి 86 మొదలు 98 పాళ్ళ దాకా స్థిరమైన కర్బనమే. అందుచేత పొగ రాదు. అందుచేతనే తొందరగా అంటుకోదు కూడాను. ఆ సుగుణమూ ఈ మొండితనమూ రెండు కావు, ఒకటే.

అన్ని బొగ్గులూ చెట్ల నుంచి పుట్టినవే అయితే దీనికి మాత్రం ఈ శుద్ధి ఎక్కడిది? ఈ సంగతి చెప్పడానికి అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం కంటె మంచి చోటు లేదు. సుమారు 30 కోట్ల సంవత్సరాల కిందట అదంతా చిత్తడి అడవి. అప్పటికి భూమి మీద ఇంకా పువ్వు పూయలేదు, పక్షి ఎగరలేదు. పాము పొలుసుల వంటి బెరడు గల చెట్లు నూరడుగుల ఎత్తు పెరిగేవి. వాటి కింద పెద్ద పెద్ద ఫెర్న్ మొక్కలు. చచ్చిన చెట్టు బురదనీటిలో పడితే గాలి తగలక పూర్తిగా కుళ్ళదు. అలా పేరుకున్న మెత్తని నల్లమట్టిని పీటు అంటారు. దానిమీద ఇసుక, ఒండ్రు, మళ్ళీ అడవి, మళ్ళీ ఇసుక. పై బరువుకు నలిగి, లోపలి వేడికి ఉడికి, పీటు లిగ్నైటు అవుతుంది; లిగ్నైటు మరింత ఉడికి బిటుమినసు బొగ్గు అవుతుంది. ప్రపంచంలో నల్లబొగ్గు చాలామటుకు అక్కడే ఆగిపోయింది.

పెన్సిల్వేనియా తూర్పు భాగంలో కథ ఇంకొక మెట్టు ఎక్కింది. ఆఫ్రికా ఖండం వచ్చి ఉత్తర అమెరికాకు గుద్దుకున్నది. ఖండాలు గుద్దుకోవడమంటే మోటార్లు గుద్దుకోవడం కాదు, కోట్ల ఏళ్ళు పట్టే వ్యవహారం. ఆ ఒత్తిడికి అపలేషియన్ పర్వతాలు లేచాయి. రాతిపొరలు చీర కుచ్చెళ్ళలా మడతలు పడ్డాయి. బొగ్గుపొరలూ ఆ మడతలలోనే లోతుకు దిగి, 200 డిగ్రీల ప్రాంతపు వేడిలో మగ్గాయి. బంగారాన్ని పుటం పెట్టినట్టు తారు, నూనెలు పోయి కర్బనం మిగిలింది. అదే రాష్ట్రంలో పడమట పిట్స్‌బర్గ్ వైపు పొరలు పెద్దగా మడతపడలేదు. అక్కడ ఉన్నది పొగ చిమ్మే బిటుమినసు. ఇంచుమించు ఒకే కాలపు అడవులు, ఒకే రాష్ట్రం. నలిగినది ఒకటి, నలగనిది ఒకటి.

వయసు వల్ల ఈ గొప్పతనం రాదనడానికి మన దేశంలోనే సాక్ష్యం ఉన్నది. 1871 లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర కనిపెట్టిన బొగ్గు, తరువాత సింగరేణి గ్రామం పేరుతో లోకానికి తెలిసిన మన గోదావరి లోయ బొగ్గు, పాతిక కోట్ల ఏళ్ళు దాటిన ముసలిది. కాని అది నేల కుంగిన పల్లంలో పడి పడుకున్నదే తప్ప పర్వతాల నడుమ నలగలేదు. అందుకని బిటుమినసు దగ్గరే నిలిచింది. జమ్మూలో రియాసీ ప్రాంతపు బొగ్గు సింగరేణి ముందు నిన్న మొన్నటిది, సుమారు అయిదు కోట్ల ఏళ్ళ నాటిది. హిమాలయాలు లేచే సంరంభంలో చిక్కుకుని అది ఆంత్రసైటు ముంగిటి దాకా వచ్చేసింది. ఉన్నది కొంచెమే, పిండి పిండిగా నలిగి ఉంటుంది. ఆ మాటకొస్తే ప్రపంచంలోని బొగ్గు మొత్తంలోనే ఆంత్రసైటు నూటికి ఒకటి రెండు పాళ్ళు మించదు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక పేరు గురించి ఒక్క మాట. మనకు బొగ్గు అంటే కట్టెను కాల్చి ఆర్పినది. గనిలో తవ్విన సరుకు వచ్చినప్పుడు దానికి రాక్షసిబొగ్గు అని పేరు పెట్టారు మనవాళ్ళు. ఎవరు పెట్టారో గాని మంచి పేరు. గ్రీకులకు అంత ఓపిక లేదు. కట్టెబొగ్గునూ, రగిలే నిప్పుకణికనూ, నేలలో దొరికే మండే రాయినీ కూడా ఆంత్రాక్స్ అన్న ఒక్క మాటతోనే పిలిచారు. ఆంత్రసైటు అందులోంచి వచ్చిందే. పశువులకు వచ్చే దొమ్మరోగానికీ ఆ పేరే స్థిరపడింది. చర్మం మీద అది వేసే పుండు బొగ్గులా నల్లగా మాడి ఉంటుంది గనుక. మన అంగారము కూడా ఇంతే. నిప్పుకణికా అదే, బొగ్గూ అదే, ఎర్రని గ్రహానికి అంగారకుడన్న పేరూ అందులోంచే.

ఇక దీనిని మనిషి మచ్చిక చేసుకున్న ముచ్చట. 1791 లో ఫిలిప్ గిండర్ అనే ఆయనకు పెన్సిల్వేనియా కొండలలో ఈ నల్లరాయి కనిపించింది. మరుసటి ఏడే తవ్వడానికి ఒక కంపెనీ కూడా పుట్టింది. కొనేవాళ్ళు మాత్రం పుట్టలేదు. 1803 లో ఫిలడెల్ఫియా నగరం తన నీటియంత్రం కింద దీనిని వేసి చూస్తే ఉన్న మంట కాస్తా ఆరిందనీ, మిగిలిన సరుకును కొట్టి కాలిబాటల మీద కంకరగా పరిచారనీ చెబుతారు. 1812 లో జార్జ్ షూమేకర్ తొమ్మిది బళ్ళు తోలుకు వెళితే, బొగ్గని చెప్పి రాళ్ళు అమ్ముతున్నాడని ఆయన మీద మండిపడ్డారట. రాళ్ళు మండలేదు గాని జనం మండారు!

అప్పటికే విల్క్స్ బారీ అనే ఊళ్ళో ఒక పూటకూళ్ళ ఇంట్లో దీనికి మందు దొరికి నాలుగేళ్ళయింది. ఆ ఇంటి యజమాని జెస్సీ ఫెల్. 1808 ఫిబ్రవరి 11 న ఆయన ఇనుప ఊచలతో జల్లెడలాంటి పళ్ళెం చేయించి, నేలకు ఎత్తుగా పొయ్యిలో నిలిపి, దానిమీద ఆంత్రసైటు పేర్చి అంటించాడు. గాలి అడుగు నుంచి తనంతట తాను ఎగదన్నింది. కమ్మరి తిత్తి లేకుండానే రాయి ఎర్రబడింది. కట్టెపొయ్యిలో పైనుంచి ఊదుతాము, ఎగదోస్తాము, కెలుకుతాము. ఆంత్రసైటు దగ్గర ఆ మర్యాదలు పనికిరావు. ఫిలడెల్ఫియా పక్క తీగల కర్మాగారం వారు రాత్రంతా కెలికి కెలికి విసిగి, కొలిమి తలుపు మూసి వెళ్ళిపోయారట. మరిచిపోయిన కోటు కోసం ఒక పనివాడు అరగంటకు తిరిగి వస్తే తలుపు ఎర్రగా కాలి ఉన్నదని కథ. జోసయా వైట్ అనే ఆ కర్మాగారం భాగస్వామి తరువాత ఈ బొగ్గు రవాణాకు కాలువలు వేయించి పెద్ద వ్యాపారి అయ్యాడు. కనుక కోటు కథ నిజమైనా కాకపోయినా ఫలితం మాత్రం నిజమే.

అక్కణ్ణుంచి దాని వైభోగం చెప్పనలవి కాదు. 1840 లో వేల్స్ నుంచి వచ్చిన డేవిడ్ థామస్ వేడిగాలి ఊది దీనితో ఇనుము కరిగించాడు. అమెరికా అంతర్యుద్ధంలో నౌకాదళాల కన్నుగప్పి రేవులలోకి దూరే ఓడలు దీనినే కోరేవి. పొగ కనబడితే పట్టుబడతారు గదా. అన్నిటికంటె మించి ఇళ్ళు. చలిదేశంలో ఇల్లు వెచ్చగా ఉండాలి, తెరలకు మసి పట్టకూడదు. న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల మధ్యతరగతి సంసారాలకు ఆంత్రసైటు పొయ్యి ఒక హోదా అయిపోయింది. ఒక రైలు కంపెనీ అయితే తన ఇంజన్లలో ఆంత్రసైటే కాలుస్తామని చెప్పడానికి తెల్లని గౌను తొడుక్కున్న ఒక సుందరి బొమ్మను ఏళ్ళ తరబడి ప్రకటనలలో వేసింది. ప్రయాణం ముగిసినా గౌను తెల్లగానే ఉంటుందట.

ఆ గౌను తెల్లగా ఉండడానికి ఎవరి చేతులు ఏమయ్యాయో ప్రకటనలో లేదు.

గని నుంచి వచ్చిన ఆంత్రసైటులో పలకరాయి కలిసి ఉంటుంది. అదీ నల్లనే, ఇదీ నల్లనే. పలకరాయి పొయ్యిలో పడితే కాలదు. పైగా ఈ బొగ్గు పొయ్యిలో సరిగా మండాలంటే ముక్కలన్నీ ఒక్క తీరున ఉండాలి. సన్నమూ లావూ కలిస్తే గాలి ఆడదు. అందుచేత గని పక్కనే మేడంత ఎత్తున ఒక కొయ్య కట్టడం కట్టి, పైన బొగ్గు పోసి పగలగొట్టి, జల్లెళ్ళ మీదుగా కిందికి జారవిడిచేవారు. పరిమాణాల పేర్లు చూస్తే కిరాణా కొట్టు చీటీలా ఉంటుంది: గుడ్డు, బఠాణీ, బియ్యం, బార్లీ! ఆ జారుడు తొట్ల మీద వరసలు వరసలుగా బల్లలు. బల్లల మీద పిల్లలు.

ఎనిమిదేళ్ళ వాళ్ళూ, తొమ్మిదేళ్ళ వాళ్ళూ. కాళ్ళ మధ్య నుంచి బొగ్గు ప్రవాహంలా పోతుంటే వంగి, అందులోంచి పలకరాళ్ళు ఏరెయ్యాలి. రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులు. తొడుగులు వేసుకుంటే ముక్కలు చేతికి చిక్కవని ఉత్త చేతులతోనే చేయించేవారు. గాజులా విరిగే బొగ్గని ముందే చెప్పాను. దాని అంచులు ఎలా ఉంటాయో చెప్పక్కరలేదు. వేళ్ళు వాచి, చివుళ్ళు చిట్లి నెత్తురు కారేవి. నల్లదుమ్ములో పక్కవాడి మొహం కనపడేది కాదు. తొట్టిలో జారిపడి బొగ్గు కింద ఊపిరాడక పోయినవాళ్ళున్నారు. యంత్రాల పళ్ళలో చేతులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. 1885 లో పన్నెండేళ్ళు నిండనివారిని ఈ పనిలో పెట్టరాదని రాష్ట్రం చట్టం చేసింది. చట్టం వచ్చాక పిల్లల వయసు పెరిగింది - కాగితం మీద. ఇంట్లో గడవని తండ్రులు తొమ్మిదేళ్ళ వాడికి పన్నెండని రాయించేవారు. రాసేవారికీ తెలుసు, తీసుకునేవారికీ తెలుసు.

1911 జనవరిలో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫరు పిట్స్‌టన్ దగ్గర ఈ పిల్లలను ఫొటోలు తీశాడు. బడిపిల్లల గ్రూపు ఫొటోలాగే వరసలుగా నిలబడి ఉంటారు. మొహాలు మటుకు నల్లన. ఆ ఫొటోలు ఊరూరా తిరిగి పెద్దమనుషుల ఇళ్ళకు చేరాయి. అదే ఆంత్రసైటు పొయ్యి ముందు కూర్చునే వాటిని చూసి ఉంటారు. ఫొటోలవల్ల కొంత, చట్టాలవల్ల కొంత, రాయినీ బొగ్గునూ విడదీసే యంత్రాలు రావడం వల్ల మరింత, 1920 నాటికి ఆ బల్లలు ఇంచుమించు ఖాళీ అయినాయి. దయ కంటె యంత్రం చౌక అయినప్పుడే లోకానికి దయ కలుగుతుందేమోనని నాకు అప్పుడప్పుడు అనుమానం.

పెద్దవాళ్ళ సంగతి వేరే ఏమీ లేదు. 1902 మే నెలలో దాదాపు లక్షా నలభై ఏడు వేల మంది సమ్మె కట్టారు. అక్టోబరు వచ్చేసరికి నగరాలలో బొగ్గు కరువు, ముందు శీతకాలం. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ యజమానులనూ, కార్మిక నాయకుడు జాన్ మిచెల్‌నూ పిలిపించి కూర్చోబెట్టాడు. అంతకు ముందు సమ్మె అంటే ప్రభుత్వం సిపాయిలను పంపడమే గాని మధ్యవర్తిగా కూర్చోవడం అక్కడ ఎరుగరు. చివరికి కూలి నూటికి పదిపాళ్ళు పెరిగింది, చాలామందికి పనిదినం తొమ్మిది గంటలకు తగ్గింది. నగరాల ఇళ్ళలో చలి వేస్తుందన్న భయం లేకపోతే ఆ పాటిదైనా జరిగేదా అన్నది మీరే ఆలోచించండి.

పొగ రాదన్నాము. విషం రాదనలేదు. ఇది ఇల్లాళ్ళు కొంచెం గట్టిగా గుర్తు పెట్టుకోవలసిన సంగతి. గాలి చాలని చోట ఏ బొగ్గు కాలినా కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చోవలసిన పీటను తాను ఆక్రమిస్తుంది. దాని పట్టు ప్రాణవాయువు పట్టు కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిది. పొగ అయితే దగ్గిస్తుంది, కళ్ళు మండిస్తుంది, లేచి తలుపు తీయిస్తుంది. ఇది నిద్రపుచ్చుతుంది. దక్షిణ కొరియాలో ఆంత్రసైటు పొడిని అదిమి, నిలువునా చిల్లులు పెట్టి, స్తంభంలాంటి ముద్దలు చేసి ఇంటింటా కాల్చేవారు. అక్కడి ఇళ్ళలో పొయ్యి వేడిగాలి నేల అడుగునుంచి పోయి గదిని వెచ్చబరుస్తుంది. నేలలో సన్నని బీట పడితే చాలు. వెచ్చగా పడుకున్న కుటుంబం తెల్లవారి లేచేది కాదు. దశాబ్దాల పాటు ఏటా వందలమంది ఇలా పోయారు. మన ఉత్తరాదిన చలికాలంలో తలుపులు బిగించి కుంపటి పెట్టుకుని పడుకున్నవారి వార్తలు ఇప్పటికీ ఏటేటా పత్రికలలో చూస్తూనే ఉన్నాము. కుంపటి లేదు గదా అని ధీమా పడవద్దు. కిటికీ లేని స్నానాలగదిలో గ్యాసు గీజరు చేసేదీ అదే పని.

ఇప్పుడు ఇళ్ళలో దీని వాడకం తగ్గిపోయింది. చమురూ, సహజవాయువూ వచ్చి పెన్సిల్వేనియా గనుల గిరాకీ కొట్టేశాయి. 1917 లో అక్కడ దాదాపు 10 కోట్ల టన్నులు తవ్వారు. ఇప్పుడు అందులో నూటికి మూడు పాళ్ళు కూడా లేదు. 1959 జనవరి 22 న సస్క్వెహనా నది అడుగున అతి పైకి తవ్వుకుంటూ పోయిన ఒక గనిలోకి నదే విరుచుకుపడింది. సుడిగుండాన్ని మూయడానికి రైలు పెట్టెలను పెట్టెలుగానే నదిలోకి తోశారు. 12 మంది పోయారు, వారి శరీరాలు ఈనాటికీ దొరకలేదు. ఆ లోయలో పెద్ద ఎత్తున గనుల పని దానితో ముగిసింది. నేడు ఆంత్రసైటు చాలావరకు చైనా మాట. వియత్నాం, రష్యా వగైరాలు తరువాత. ఉక్కు కర్మాగారాలలో వాడతారు, ఎలెక్ట్రోడులు చేస్తారు. నాకు ముచ్చటగా తోచిన ఉపయోగం మాత్రం నీళ్ళు వడగట్టడం. పట్టణాల మంచినీటి శుద్ధి కేంద్రాలు కొన్నింటిలో ఇసుక మీద ఆంత్రసైటు గింజలు పరుస్తారు. గింజ లావైనా ఇసుక కంటె తేలిక. అందుచేత కిందినుంచి నీరు ఎదురుతన్ని కడిగినా మళ్ళీ పైనే సర్దుకుంటుంది. పెద్ద మురికి అక్కడ, చిన్న మురికి కింద ఇసుకలో ఆగిపోతాయి.

అంటించడం కష్టమని ఇంతసేపు చెప్పాను. ఆర్పడం సంగతి సెంట్రేలియా ఊరివారిని అడగాలి. అదీ పెన్సిల్వేనియాలోనిదే. 1962 మే నెలలో, పండుగకు ముందు ఊరు శుభ్రం చేద్దామని, పాతగని గోతిలో వేసిన చెత్తకు నిప్పు పెట్టారు. గోతి గోడలోని సందుగుండా నిప్పు నేలలోని ఆంత్రసైటుకు చేరింది. నీళ్ళు పోశారు, మట్టి కప్పారు, అడ్డంగా తవ్వారు. అది లోపల పాత గని దారుల గాలి పీల్చుకుంటూ, జెస్సీ ఫెల్ పొయ్యిలో కాలినట్టే, నిదానంగా కాలుతూ పోయింది. 1981 లో ఒక పెరట్లో పన్నెండేళ్ళ కుర్రవాడి కాళ్ళ కింద నేల దిగబడింది; చెట్టు వేరు పట్టుకుని వేళ్ళాడితే బంధువు లాగి బయట వేశాడు. ఆ గోతిలోంచి వచ్చిన ఆవిరిలో ఉన్నది కార్బన్ మోనాక్సైడే. 1984 లో ఊరిని ఖాళీ చేయించడానికి అమెరికా పార్లమెంటు 4 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చింది. వెయ్యిమంది ఉన్న ఊరు. ఇళ్ళు పడగొట్టారు, వీధులు మిగిలాయి. వెళ్ళమని మొండికేసిన కొద్దిమంది కోర్టుకు ఎక్కగా, బతికినన్నాళ్ళూ అక్కడే ఉండవచ్చునని 2013 లో రాజీ కుదిరింది. 2020 జనాభా లెక్కలలో ఆ ఊరి జనం అయిదుగురు. నేల కింద నిప్పు ఇంకా ఉన్నది.